గ్లుషిన్కా ఎక్కడుంది

"ఏ ఊరు?" అన్నాడు గుమాస్తా.

"రష్యా సార్" అంది మంగవ్వ.

"రష్యా ఊరా? దేశమమ్మా గది. పోతనే ఉంటది, ఒడువది. అండ్ల ఏ జిల్లా? ఏ ఊరు? మీ పోరడు యాడున్నడో మీకే తెల్వకుంటే మేమెవ్వలకు రాయాలె?"

మంగవ్వ ఆరునెలలుగా కొడుకు లోకేశ్ ముఖం చూడలేదు, ఇరవై రోజులుగా గొంతు వినలేదు. ఆమెకు తెలిసిందల్లా అంతే. గుమాస్తా దరఖాస్తును కౌంటరు మీదుగా వెనక్కి తోశాడు. అది జారి ఆమె కాళ్ల దగ్గర పడింది. పడిందని చూశాడు. చూసి, "నెక్స్ట్" అన్నాడు.

విదేశాలకు కూలికి వెళ్లినవాళ్ల గోడు వినడానికని ఆర్మూరులో పెట్టిన ఆఫీసు అది. దాని పేరు మనకెందుకు? పేరు మార్చితే గుణం మారిన ఆఫీసు ఒక్కటీ నేను చూడలేదు.

వెనక నిలబడ్డ కావేరి వంగి ఆ కాగితం తీసింది. పసుపు ఏరి ఏరి పచ్చబడ్డ వేళ్లతో దుమ్ము దులిపింది. ఆమె భర్త రంజిత్, మంగవ్వ కొడుకు లోకేశ్ ఒకే విమానంలో వెళ్లారు. కావేరికి ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. మంగవ్వను రెక్క పట్టుకుని పక్కకు తీసుకొచ్చి, "పా అత్తా, ఊరి పేరు తెచ్చి వీని మొకాన కొడ్దాం" అంది. గుమాస్తాకు వినబడేటట్టే అంది. అతను తల ఎత్తలేదు.

వాళ్లది పెర్కిట్ దాటి బాల్కొండ వైపు వెళ్లే దారిలో ఒక ఊరు. ఏ ఊరో రాయను. రాస్తే చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు వచ్చి, మా ఊళ్లో కూడా ఇదే జరిగింది, మా పేరెందుకు రాయలేదని అడుగుతారు. ఆ ఊళ్లో కాశీరాం పెద్ద పసుపు రైతు. మస్కట్‌కూ, దుబాయికీ మనుషుల్ని పంపే ఏజెంటు కూడా. నిరుడు వానాకాలంలో అతనే అందరితో చెప్పాడు, రష్యాలో గోదాము పని ఉందని, డబ్బాలకు టేపు అంటించడమే పని అని. "చలి ఒక్కటే బాధ. కోటు వాళ్లే ఇస్తరు" అన్నాడు.

అక్కడ దిగాక ఇద్దరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. ఇద్దరూ పెట్టారు. ఇది మా దిక్కు వాళ్లే చేయగల తప్పు. నలభై ఏళ్లుగా ఈ ఊళ్ల మగవాళ్లు అరబ్బీ కాగితాల మీద ఒక్క అక్షరం తెలియకుండా సంతకాలు పెట్టి, కష్టమో నష్టమో పడి, తిరిగొచ్చి ఇళ్లకు స్లాబులు వేశారు. చదవలేని కాగితానికి భయపడాలని ఇక్కడ ఎవరికీ అనిపించదు. చదవగలిగిన కాగితమంటేనే, నోటీసేమోనని భయం. వారం తిరిగేసరికి ఇద్దరి చేతుల్లో తుపాకులున్నాయి.

ఊరి పేరు కోసం కావేరి లక్ష్మీరాజం సారు దగ్గరికి వెళ్లింది. ఆయన రంజిత్‌కు చరిత్ర, భూగోళం చెప్పిన పంతులు. రిటైరై పదేళ్లయింది. పడుచుతనంలో ఎర్రజెండా సంఘంలో తిరిగాడు, రెండుసార్లు జైలుకు వెళ్లాడు. ఇప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ, ఎవరైనా వస్తే తిడతాడు. పేపర్‌ను తిడతాడు, వచ్చినవాళ్లను కాదు.

"మెసేజులన్నీ పెట్టు" అన్నాడు.

కావేరి ఫోన్‌లో రంజిత్ గొంతు పదకొండు సార్లు ఉంది. ఎక్కడున్నదీ చెప్పవద్దని పై వాళ్ల హుకుం. అందుకని చుట్టూ ఉన్నది చెప్పేవాడు. ఒకదాంట్లో, "కావేరీ, గీడ ఒక్కటే బాట. బాటకు అటిటు ముప్పై ఇండ్లు, తొమ్మిదిట్లనే మనుషులున్నరు. అందరు ముసలోళ్లే, అండ్ల ఎన్మిది మంది ఆడోళ్లు." ఇంకోదాంట్లో, "వాగు గడ్డకట్టింది. పొద్దు మేముండే ఇంటెనక పొడుస్తది. కుంకేదిక్కు ఉరుములు. గవి ఉరుములు గావు." మరోదాంట్లో గొంతు కాస్త తేటగా ఉంది. "నేలంతా నల్లరేగడే. మంచు తవ్వితె కిందికెళ్లి నల్లగొస్తది, సేతులవట్టుకుంటె ఇడువ బుద్ధిగాదు. గీడ పసుపు పెడితెనా..." అని ఆగిపోయాడు.

సారు నోటు పుస్తకంలో బొమ్మ గీశాడు. బాట, వాగు, తూర్పున ఇల్లు, పడమట యుద్ధం. రంజిత్ పంపిన ఒక ఫొటోలో మంచులో సగం కూరుకుపోయిన ఊరి బోర్డు ఉంది. సారు కళ్లజోడు తుడిచి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. సంఘంలో తిరిగిన రోజుల్లో ఆ అక్షరాలు నేర్చుకున్నాడట, ఆ దేశం వెళ్తానని కాదు, ప్రేమకొద్దీ.

"గ్లు... షిన్... కా. గ్లుషిన్కా."

కావేరి మూడుసార్లు పలికింది. మూడోసారికి నోరు తిరిగింది.

అప్పటినుంచి పొద్దుగూకే వేళకు, కూలి దిగిన ఆడవాళ్లు సారు వరండాకు రావడం మొదలైంది. ముందు కావేరి, మంగవ్వ, తర్వాత వాళ్ల ముఠా పెద్ద ముత్తెమ్మ, ఆ వెనక ముఠాలోని మిగతా తొమ్మిది మందీ. పసుపు తవ్వాక దుంపల నుంచి కొమ్ములు విరిచి వేరుచేసే ముఠా అది. వాళ్లలో పక్క మండలం దాటి వెళ్లినవాళ్లు ఇద్దరే. అలాంటివాళ్లు గ్లుషిన్కా గురించి వాదులాడుకునేవాళ్లు. వాగు ఎటు పారుతుంది, నీళ్లు తియ్యనివా ఉప్పువా, తొమ్మిది ఇళ్లకు దుకాణం ఉంటుందా ఉండదా.

రంజిత్‌నూ, లోకేశ్‌నూ దింపిన ఇంట్లో నీనా అని ఒక ముసలామె ఉంది. ఫోన్‌లో ఒకరి మాట ఒకరి భాషలోకి తిప్పుకుని ముగ్గురూ మాట్లాడుకునేవాళ్లు. ఆమె చెప్పింది రంజిత్ మెసేజుల్లో చెప్పాడు, రంజిత్ చెప్పని నడుమ ముక్కలు సారు అతికాడు. అట్లా ఊరి చరిత్ర కూడా వరండాకొచ్చింది. దొర ఒకడు అడవి కొట్టించడానికి మనుషుల్ని కొనుక్కొచ్చి కట్టిన ఊరు. భూమి అమ్మితే భూమితో పాటు మనుషులూ అమ్ముడుపోయేవాళ్లు. నూరేళ్ల కింద ఆ మనుషులే దొరను తరిమి నేల పంచుకున్నారు. తర్వాత ఆ నేలంతా కలిపి అందరిదీ అన్నారు. అందరిదీ అన్నదాన్ని కొందరు ఆఫీసర్లు ఏలారు. ఆ తర్వాత జర్మనీ సైన్యం వచ్చి ఊరు తగలబెట్టింది. యుద్ధానికి పోయిన మగవాళ్లలో వచ్చినవాళ్లు నలుగురు. ఆడవాళ్లే నాగలి కట్టి లాగి మళ్లీ బీట్‌రూట్ దుంప పండించారు. నీనాకు అప్పుడు ఐదేళ్లు.

ఇక్కడ కావేరి ఆపింది. "సారూ, మీరు సంఘంల మావోళ్లకు చెప్పిన రష్యా ఊరు గిదేనా? దొరను ఎళ్లగొట్టిన ఊరు?"

సారు కుర్చీలో ఇటు కదిలాడు, అటు కదిలాడు. "గసొంటిదే బిడ్డా."

"మరి గా ఊరోళ్లు నా మొగని చేతికి తుపాకి ఎందుకిచ్చిండ్రు?"

"ఊరోళ్లు ఇయ్యలే. ఊరోళ్ల పోరగాండ్లను గూడ గుంజుకపోయిండ్రు. ఇగ ఊర్లె ఎవ్వలు దొరక్కనే మనోళ్లను దెచ్చుకున్నరు." ఆయన నోటు పుస్తకం మూశాడు. "నేనేం జెప్పినో గది అబద్ధం గాదు, కావేరీ. సగమే చెప్పిన. దొరను ఎళ్లగొట్టినంక ఇంకో దొర రాకుంట చూసుకునుడు గూడ ఉంటదని గట్టిగ చెప్పకపోతి."

ముత్తెమ్మ లేచి ఆయనకు చెంబుతో నీళ్లిచ్చింది.

ఊరి పేరు, సారు పటంలో వెతికి పట్టిన జిల్లా పేరు, ఆయన గీసిన బొమ్మ, అన్నీ పట్టుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్లారు. గుమాస్తా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. మంచి బొమ్మే అన్నాడు. "సంతకం పెట్టిన కాగితం కాపీ ఏది? గది లేకుంటే మీ మనిషి గక్కడ పని మీద పోయిండని రుజువేంది?"

కాపీ కాశీరాం దగ్గర ఉంది. రంజిత్ రెండో మెసేజ్‌లోనే చెప్పాడు, ఫొటో తీసి ఆయనకే పంపించినమని. పెర్కిట్‌లోని అతని ఆఫీసు ముందు కావేరి, మంగవ్వ రెండు పూటలు నిలబడ్డారు. మూడోపూట బయటికొచ్చాడు.

"నేను గూడ ఎడారిల ఒంటెలు కాసినోన్నే అవ్వా, నాకు మీ కష్టం తెల్వదా? నా మీద బొంబైల ఇంకొకడున్నడు. కాగితం బయటపడితె నన్ను బతుకనియ్యడు."

"నీ బతుకు కోసం మా పోరగాండ్లు సావాల్నా?" అంది కావేరి.

బజారులో పదిమంది విన్నారు. అదే ఆమె చేసిన నేరం. ఆ ఊరికి సర్పంచి ఉన్నా, మాట చెల్లేది ఊరి కమిటీది. కమిటీ భవనానికి స్లాబు వేయించింది కాశీరాం. మరునాడు పొద్దున మైకులో చెప్పారు, ఊరి పెద్దమనిషిని బజారున పడేసినందుకు మంగవ్వ ఇంటితో, కావేరి ఇంటితో మాటలు బంద్. దుకాణంలో సామాను ఇవ్వొద్దు, కూలికి పిలవొద్దు, మాట్లాడినవాళ్లకు జుర్మానా. పెళ్లిపిలుపులు చెప్పే గొంతుతోనే చదివారు.

ఆ వారం కావేరి ఎట్లా బతికిందో చెప్పడానికి నాకు చేతకాదు. పాలవాడు ఆమె గుమ్మం దాటి పక్కింటికి వెళ్లేవాడు. చిన్నప్పటినుంచి కలిసి తిరిగిన ముఠా మనిషి చిన్నక్క నల్లా దగ్గర ఎదురుపడి, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, నోరు మూసుకుని బిందె ఎత్తుకుని పోయింది. మనుషులు కొట్టినా ఓర్చుకోవచ్చు. చుట్టూ ఊరుండి, ఊరంతా చెవుల్లో పడుతుండి, ఎవరూ మాట్లాడకపోతే మనిషికి తాను చచ్చిపోయానేమోనని అనుమానం వస్తుంది. ఫోన్‌లో రంజిత్ కూడా మాట్లాడటం లేదు. పాత మెసేజులే పెట్టుకుని వినేది.

ఇటు పసుపు తవ్వకాలు ముదిరాయి. కాశీరాం ఆరెకరాల పసుపు ట్రాక్టరుతో తవ్వించి చేనులో కుప్ప పోయించాడు. తవ్విన పసుపును నాలుగు రోజుల్లో విరిచి ఉడకబెట్టాలి. లేకుంటే కుప్ప లోపల వేడెక్కి దుంప మెత్తబడుతుంది, రంగు పోతుంది. ముఠా కోసం అతను ముత్తెమ్మ ఇంటికి మనిషిని పంపాడు.

ముఠా ముత్తెమ్మ ఇంటి కొట్టంలో కూర్చుంది.

"పోవాలె" అంది చిన్నక్క. "పోకుంటె మనను గూడ బంద్ పెడ్తరు. నాకిద్దరు ఆడివిల్లలు. కావేరి అంటె నాకు పానమే. గని ఏం జెయ్యాలె చెప్పున్రి."

"నా తమ్ముడు వచ్చే నెల పోతనంటున్నడు, గదే రష్యాకు. కాశన్నే పంపుతున్నడు" అంది ఇంకొకామె.

ముత్తెమ్మ పుల్లతో పళ్లు కుట్టుకుంది. ఆమె మాటకు ముందు ఎప్పుడూ పళ్లు కుట్టుకుంటుంది. "మాటలు బంద్ పెట్టుడు కమిటోళ్లకేనా వచ్చేది? మనకు రాదా? ఇయ్యాల్టికెళ్లి కాశీరాంతోని మనకు మాటలు బంద్. పనిల్లేదు, పలుకుల్లేదు. కాగితం ఇచ్చేదాంక."

"జుర్మానా ఏస్తరు."

"పన్నెండు మందిమి కలిసి తప్పు జేస్తె జుర్మానా ఎవ్వల దగ్గర వసూలు జేస్తరు? పసుపు ఎవ్వలు ఇరుస్తరు?"

చిన్నక్క ఏడ్చింది. ఏడ్చి, అందరికంటే ముందు లేచి తిన్నగా కావేరి గుమ్మం ముందుకు వెళ్లి పిలిచింది. "కావేరీ, బువ్వ తిన్నవా?" ఊరు వింటూ ఉండగానే పిలిచింది. కావేరి తలుపు తీసి ఆమె భుజం మీద పడి, వారం రోజుల ఏడుపు ఏడ్చింది.

మరునాడు కాశీరాం తానే వచ్చాడు. పన్నెండు మందీ కొట్టం అరుగు మీద వరసగా కూర్చున్నారు. "ముత్తెమ్మా" అన్నాడు, పలకలేదు. "అక్కా" అన్నాడు, పలకలేదు. తిట్టాడు. ఒకామె చీపురు తీసుకుని అతను నిలబడ్డ చోటు వదిలేసి చుట్టూ ఊడ్చింది. కాశీరాం ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. మాటలు బంద్ పెడితే ఎట్లా ఉంటుందో ఆ పెద్దమనిషికి ఆ పూటే తెలిసినట్టుంది.

మూడోరోజు గోదావరి అవతలి నుంచి వేరే ముఠాను డీసీఎం వ్యానులో దించాడు. పాతిక మంది ఆడవాళ్లు, నెత్తిన రుమాళ్లు, చేతిలో సద్ది గిన్నెలు. మనవాళ్లు చేను గట్టు మీద అడ్డం నిలబడ్డారు. ఒక క్షణం రెండు ముఠాలూ ఒకరినొకరు చూసుకున్నాయి. పస్తులున్న మనిషి కడుపు మీద పస్తులున్న మనిషితోనే కొట్టించడం ఈ దొరలకు ఎంత అలవాటో చూడండి.

కావేరి ముందుకొచ్చింది. ఏం చెప్పాలో అనుకుని రాలేదు. నోటికి వచ్చింది గ్లుషిన్కానే.

"అక్కలారా, రష్యాల ఒక ఊరున్నది. ముప్పై ఇండ్లు. తొమ్మిదిట్ల ముసలోళ్లున్నరు, తక్కినయన్ని తాళాలు. గా ఊర్లె మొగోళ్లను ముందు దొర అమ్ముకున్నడు. తర్వాత యుద్ధం తిన్నది. ఇప్పుడు ఊర్లె తినెతందుకు మొగోళ్లు లేరని మా ఇండ్లకెళ్లి దెచ్చుకున్నరు. మా ఆయన గాడ్నే ఉన్నడు. గీ మంగత్త కొడుకు గాడ్నే ఉన్నడు. పంపినోడు గీ చేను పటేలు. వాని దగ్గర ఒక్క కాగితం ఉన్నది, ఇస్తలేడు. గంతే మేమడిగేది. మా ఊర్లె గూడ తాళాలు పడకముందుకే అడుగుతున్నం."

ఆ ముఠా పెద్ద నడివయసు మనిషి. కావేరిని చూసింది, కుప్పను చూసింది, చేతిలోని సద్ది గిన్నెను కింద పెట్టింది. "కూసోన్రే" అని తనవాళ్లతో అంది. పాతికమందీ గట్టు మీదే కూర్చుని సద్ది విప్పుకున్నారు. విప్పి, మనవాళ్లకూ పెట్టారు.

సాయంత్రానికి కుప్ప నుంచి పుల్లటి వాసన మొదలైంది. కాశీరాం కుప్పలో చేయి పెట్టి చూసి వెంటనే వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఇంటికి వెళ్లి కాగితాలు తెచ్చి, కావేరి చేతికి కాదు, గట్టు మీదికి విసిరేశాడు. ముత్తెమ్మ ఏరి, మట్టి దులిపి ఇచ్చింది. ఆ క్షణాన రెండు ముఠాలూ చేసిన కేక పెర్కిట్ దాకా వినబడిందంటారు. ఎక్కువ చెప్పారేమో గానీ, గట్టిగానే అరిచారు.

గెలిచాం అనుకున్నారు. నేనూ అక్కడ ఆపేస్తే బాగుండేది.

సారు ఆ కాగితాన్ని ఫోన్ కెమెరా కింద పెట్టి తెలుగులోకి తిప్పాడు. సొంత ఇష్టంతో సైన్యంలో చేరుతున్నాను. కాలం ఒక సంవత్సరం. యుద్ధం ముగిసేదాకా పొడిగించవచ్చు. చనిపోతే శవాన్ని పంపే బాధ్యత... సారు చదవడం ఆపేశాడు. చదవమంది మంగవ్వ. ఆయన చదవలేదు.

ఆ కాగితం తీసుకుని సారుతో కలిసి ఆడవాళ్లంతా ఆర్మూరుకు బయలుదేరిన పొద్దునే కావేరి ఫోన్ మోగింది. రంజిత్ నంబరే. కొత్త మెసేజ్ అది, నొక్కి చెవికి పెట్టుకుంది. లోపల రంజిత్ గొంతు లేదు. ఒక ముసలి గొంతు, నెమ్మదిగా, ఒక్కో మాటా ఆగి ఆగి చెబుతోంది. నీనా. బస్టాండులో నిలబడే సారు దాన్ని తిప్పాడు.

"చిన్నవాడు మా శ్మశానంలో ఉన్నాడు. నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ తవ్వాం. నేల గడ్డకట్టి ఉంది, రెండు రోజులు పట్టింది. పెద్దవాడిని ముందుకు తీసుకుపోయారు. ఎక్కడికో చెప్పలేదు. ఫోన్ నా దగ్గర వదిలి, నీకు చెప్పమన్నాడు. నన్ను క్షమించు."

మంగవ్వ బస్టాండు నేల మీద కూలబడింది. కావేరి పక్కనే కూర్చుంది, ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. ఇన్ని రోజులు కంఠతా పట్టిన ఊరు, బాట, వాగు, తొమ్మిదిళ్లు, అన్నీ ఇప్పుడు లోకేశ్ శవానికి అడ్రసు. రంజిత్‌కు అడ్రసే లేదు. సారు స్తంభానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అయినా వెళ్లారు. వెళ్లకపోతే ఎక్కడికి వెళ్తారు? గుమాస్తా కాగితం చూశాడు. "సొంత ఇష్టం అని రాసుంది గదమ్మా. శవం గావాల్నంటే గక్కడి డెత్ సర్టిఫికెట్ తేవాలె" అన్నాడు. ఈసారి అతని గొంతు కూడా తగ్గింది. కానీ కౌంటరు మధ్యలోనే ఉంది.

మంగవ్వ గడపలో కూర్చుంది. ఆమె పక్కన కావేరి, ముత్తెమ్మ, చిన్నక్క, ముఠా అంతా. ఎవరూ లోపలికి పోలేరు, లోపలివాళ్లు బయటికి రాలేరు. మధ్యాహ్నానికి సంగతి విని మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలు వచ్చి వెనక నిలబడ్డారు. ఆ తర్వాత పోలీసు వ్యాను వచ్చింది.

ఒక్కొక్కరినే ఎత్తి ఎక్కించారు. మంగవ్వ దగ్గర ఇన్‌స్పెక్టరు ఆగాడు. "ఈమె కొడుకు పోయిండంట, ఇంటికి పంపున్రి" అన్నాడు.

"నా కొడుకు ఇల్లు చేరనిది నేనెట్ల చేరుత?" అని మంగవ్వ తానే మెట్టెక్కింది.

వ్యాను కదిలింది. హమాలీలు ముందు నిలబడి కదలనివ్వలేదు, లాఠీలు లేచాయి, పక్కకు తోశారు, మళ్లీ కదిలింది. కావేరి ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"రష్యా పోయినోళ్ల కోసం కూసున్నది మీరేనా? ఎవ్వలో వీడియో పెట్టి గీ నంబరు రాసిండ్రు. మాది ఇందల్వాయి దిక్కు. మా ఆయన గూడ పోయిండు. నెలాయె, ఫోన్ లేదు. ఎవ్వలకు చెప్పాల్నో సమజ్ అయితలేదు." అవతల ఒక ఆడగొంతు. "నేను గూడ ఆర్మూరు రావాల్నా అక్కా?"

కావేరి వ్యాను జాలీలోంచి చూసింది. రోడ్డు మీద హమాలీలు పరుగెత్తుకొస్తున్నారు.

"రా" అంది. "ఒక్కదానివి మాత్రం రాకు. నీతోని కూలికొచ్చేటోళ్లందర్ని తోలుకొని రా."